దగ్గు వినేవాళ్లకు

మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే పొద్దుటి రైల్లో ఎవరి ఫోను వాళ్లు గట్టిగా పెట్టుకొని చూడడం మామూలే. ఒకరి భక్తి పాటలూ ఇంకొకరి వార్తలూ మరొకరి జోకులూ కలిసిపోయి బోగీ అంతా సంతలా ఉంటుంది. నేను మాలూరులో దిగేదాకా పుస్తకంలో తల దూర్చి కూర్చుంటాను. మొన్నొక రోజు బంగారుపేట దాటాక ఎదుటి సీటులోని అమ్మాయి ఫోనులోంచి సంగు మోగింది.

సంగు అంటే మా గనుల కూత. షిఫ్టు మారేటప్పుడల్లా మోగేది. ఆ కూతకే మా ఊరు నిద్ర లేచింది, అన్నం వండింది, పిల్లల్ని బడికి పంపింది. గనులు మూతపడి పిల్లలు పెద్దవాళ్లయిపోయారు గానీ ఆ చప్పుడు వింటే నెరిసిన తలలు ఇప్పటికీ ఊరుకోవు. బోగీలోని ముసలివాళ్లంతా అటు తిరిగారు. కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఒకాయన ఉలిక్కిపడి కాళ్ల దగ్గర టిఫిను క్యారియర్ కోసం తడుముకున్నాడు. అక్కడ ఏ క్యారియరూ లేదు.

కూత ఆగాక ఒక మనిషి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. నిండుగా, లోపలికి, చివర్లో సన్నటి ఈలతో. ఆ ఊపిరి నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి గోడ ఇవతల పడుకొని విన్నదాన్ని. పుస్తకం మూసి ముందుకు వంగి చూశాను. ఆ అమ్మాయి అరచేతిలో మా మామ కూర్చొని నవ్వుతున్నాడు.

ఆయన పోయిన వానాకాలంలో చనిపోయాడు.

మామ అంటే వరసకు మామ కాదు. గనివాళ్లకు వరసగా కట్టిన లైన్ ఇళ్లలో మా పక్కింటి మనిషి. మధ్యలో ఉన్నది ఒకే గోడ, అదీ పైకప్పు దాకా పోదు. వాళ్లింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. వాళ్ల పెద్దలు పుంగనూరు పక్క నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్లు. ఆయన వయసులో ఉన్నప్పుడు కింద బండ తొలిచే పని చేశాడు. ఛాతీలో దుమ్ము చేరిందని డాక్టర్లు చెప్పాక పైకి తెచ్చి వైండింగ్ ఇంజను దగ్గర కూర్చోబెట్టారు. మనుషులు ఎక్కే పంజరాన్ని తాడుతో కిందికి దించి పైకి లాగే ఇంజను అది. గనులు మూసేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన కూర్చున్నది టీవీ ముందరే.

టీవీ ముందు కూర్చునేవాళ్లు అందరూ సీరియల్ చూసి, ప్రకటనలు వస్తే లేచి పనులు చూసుకుంటారు. మా మామది తిరగబడిన లెక్క. సీరియల్ మొదలైతే బయటికి వచ్చి కరివేపాకు చెట్టుకు నీళ్లు పోసేవాడు. ప్రకటనలు రాగానే లోపలి నుంచి ఆయన భార్య, మా అత్త, పిలిచేది.

"రాండి. మీ చుట్టాలొచ్చినారు."

ఆయన చెంబు అక్కడే పెట్టి పరుగున పోయేవాడు. పోగానే రిమోటు అందుకొని సౌండు తీసేసేవాడు. కుర్చీ టీవీకి ఎదురుగా వేసుకోడు, పక్కవాటుగా వేసుకొని ఓర చూపుతో చూస్తాడు. కుడి చెయ్యి కుర్చీ చేతి మీద, ఇంజను లీవరు పట్టుకున్నట్టు. ఎదురుగా కూర్చుంటే బొమ్మ మనల్ని చూస్తుందట, పక్కన కూర్చుంటేనే మనం బొమ్మను చూస్తామట.

ప్రకటన అయ్యాక ఆయన గంట తిరిగి కొట్టేవాడు. ఇది ఆయన మాట. గనిలో కింది నుంచి గంటలతో సైగ వస్తుంది. ఇంజను దగ్గర కూర్చున్నవాడికి కింద ఎవరున్నారో కనపడదు. అందుకని వచ్చిన గంటల్ని వచ్చినట్టే తిరిగి కొట్టి వినిపిస్తాడు. నువ్వు చెప్పింది నాకు ఇట్లా అర్థమైంది, సరేనా అని అడగడం అన్నమాట. అది అయ్యాకే తాడు కదులుతుంది. మామ ప్రతి ప్రకటనకూ ఆ పనే చేసేవాడు. పాటా నవ్వూ రంగులూ తీసేసి, వాడు నిజంగా చెప్పింది ఏమిటో ఉత్త మాటల్లో తిరిగి చెప్పేవాడు.

"తెల్లకోటు వేసుకున్నాడు. మెడలో గొట్టం తగిలించుకున్నాడు. పండ్ల డాక్టరుకు గొట్టమెందుకు పాపా? సరే, ఏమి చెప్పినాడు? పొద్దున్నే పండ్లు తోముకోమన్నాడు. మాయమ్మ గూడా చెప్పింది. ఆమెకు కోటు లేదు, అంతే."

మాలూరు వైపు లేఅవుట్ల ప్రకటనలంటే ఆయనకు మరీ ఇష్టం. పైన ఎగిరే కెమెరాతో తీస్తారు కదా, పచ్చటి నేల, వంకర్లు తిరిగిన రోడ్డు, దూరాన కొండ. ఆయన అది చూసి తల ఊపేవాడు. "ఆకాశంలో నిలబడి చూస్తే మన గనుల సైనైడు మట్టిదిబ్బ గూడా తిరుమల కొండ మాదిరి ఉంటాది. కిందికి దిగి చూపీమను." ఇన్సూరెన్సు ప్రకటనలో దండ వేసిన ఫోటో వస్తే చాలు, అదిగో భయం వచ్చింది, ఇంగ బిడ్డ వస్తాది చూడు అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపు గౌను వేసుకున్న బిడ్డ ఫోటో దగ్గరికి నడిచి వచ్చేది. చిన్నప్పుడు అది నాకు గారడీలా ఉండేది.

ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. అరిచి అమ్మేవాణ్ణి నమ్మినా నమ్ము, నీ మాదిరి మాట్లాడేవాణ్ణి మాత్రం నమ్మొద్దు అని. మా ఊరి యాసలో మాట్లాడే ప్రకటన అప్పటికింకా ఏదీ రాలేదు కాబట్టి ఆ మాటలోని బరువు నాకు తెలియలేదు.

నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతిది అంతా పేటలోని లైబ్రరీలో. తెలుగు బీరువా అయిపోయాక కన్నడ బీరువాలోకి వెళ్లాను, ఇప్పుడు డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు బీరువా మొదలుపెట్టాను. ఇది గొప్పకే చెబుతున్నాను. మా లైనులో ఇంకెవరికీ లైబ్రరీ కార్డు లేదు. కన్నడ బీరువాలో ఒకసారి ప్రకటనల మీద పుస్తకం దొరికింది. మనిషి మనసును ఎన్ని దారుల్లో పట్టుకోవచ్చో అధ్యాయాలుగా విడగొట్టి రాసి ఉంది. భయపెట్టడం, తెలిసిన మొహాన్ని సాక్షిగా నిలబెట్టడం, అందరూ కొంటున్నారని చెప్పడం, అయిపోతోందని తొందరపెట్టడం, చెప్పిందే చెప్పడం. మామ ఇన్నాళ్లూ పేర్లు లేకుండా పట్టుకుంటున్నవాటికి ఆ పుస్తకంలో పేర్లున్నాయి. గబగబా తీసుకుపోయి ఆయనకు చదివి వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన అంతా విని, ఇది రాసినాయన ఏం పని చేస్తాడు అని అడిగాడు. అట్ట వెనక చూశాను. సబ్బుల కంపెనీకి ప్రకటనలు తీసిన మనిషి.

"అదీ," అన్నాడు మామ. "దొంగే వచ్చి మనకు తాళం వేయడం నేర్పిస్తాండాడు. పుస్తకం అమ్ముడుపోవాల గదా."

నాకు కోపం వచ్చింది. పుస్తకాన్ని కూడా నమ్మని మనిషితో ఇంకేం మాట్లాడాలి అనుకున్నాను. ఆ వారం మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ప్రకటన వచ్చినప్పుడల్లా గోడ అవతల నుంచి ఆయన కేకేసేవాడు, ఇది నీ పుస్తకంలో ఎన్నో పాఠమమ్మా అని. నేను ఇవతల నుంచి జవాబు చెప్పేదాన్ని. అట్లా గోడకు రెండు వైపులా కూర్చొని వాదించుకుంటూ మళ్లీ కలిశాం. సాక్షి పాఠం దగ్గర మాత్రం మేమిద్దరం మొదటి నుంచీ ఒకటే. అన్నిటికంటే లోపలికి దిగేది అదే అని ఆయనా అన్నాడు, పుస్తకమూ అంది.

ఆయన అనుమానం ప్రతిసారీ నిజమయ్యేదని అనుకోకూడదు. ఒకసారి ఉచిత కంటి పరీక్షల వీడియో వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకున్న ముసలామె మనవడి మొహం చూసి కన్నీళ్లు పెట్టుకుంటుంది. మామ లైను మొత్తం తిరిగి, ఎవరూ పోవద్దు, ఏడుపు ముందు పెట్టినాడంటే వెనక ఏదో అమ్ముతాడు అని చెప్పి వచ్చాడు. ఎవరూ పోలేదు. అది నిజంగా ఉచితమే. పక్క లైను వాళ్లంతా అద్దాలు పెట్టుకొని వచ్చి మా లైను ముందు నుంచి కావాలనే మెల్లగా నడిచారు. అత్త చాలా రోజులు ఆయనకు అన్నం పెట్టేటప్పుడు, ఇది అన్నమే, అనుమానం లేకుండా తినండి అని వడ్డించేది.

ఆ మాటను నేను తర్వాత చాలాసార్లు తలచుకున్నాను.

అత్త గురించి కూడా చెప్పాలి. ఆమె నిద్రపోగా నేను ఎప్పుడూ వినలేదు. నిద్ర వినపడేదేనా అంటే, మా గోడకు వినపడేదే. మామ దగ్గు మొదలుపెడితే ఆమె గాజుల చప్పుడు, చెంబు చప్పుడు, ఆయన వీపు నిమిరే చప్పుడు వరసగా వచ్చేవి. దగ్గు లేనప్పుడు కూడా గాజులు కదులుతూనే ఉండేవి. దగ్గు ఎప్పుడు వస్తుందా అని కాచుకొని కూర్చునేది. పెద్దాసుపత్రిలో నోట్లో పెట్టుకొని పీల్చే మందు ఇచ్చారు, మా ఊళ్లో దాన్ని పఫ్ అంటాం. అది ఊపిరిని నిలబెడుతుంది, ఛాతీలో చేరిన దుమ్మును తీసేయదు. ఆ సంగతి డాక్టరు దాచకుండా చెప్పాడు. దాచకపోవడమే ఆమెకు నచ్చలేదు.

అప్పుడు ఆ వీడియో వచ్చింది. మా లైన్ల వాళ్ల ఫోను గ్రూపులో ఎవరో పెట్టారు. ఎవరు ముందు పెట్టారో ఎంత వెతికినా దొరకలేదు. ముందు సంగు మోగుతుంది. తర్వాత సాయంత్రపు ఆకాశం మీద గని షాఫ్టు ఇనుప చట్రం. ఒక ముసలాయన వీపు, దగ్గుతూ కదులుతున్న భుజాలు. తలుపు దగ్గర గ్లాసు పట్టుకొని నిలబడిన ఆడమనిషి. ఆమె మొహం దగ్గరికి, ఇంకా దగ్గరికి కెమెరా వస్తుంది. అప్పుడు మా మాటల్లో, అచ్చంగా మా యాసలో ఒక గొంతు, మన నాయనలు దేశానికి బంగారం ఇచ్చి ఛాతీలో దుమ్ము తెచ్చుకున్నారు, ఈ మూలికల పొడి గంజిలో కలిపి ఇస్తే చాలు, ఇంగ్లీషు మందు మాత్రం మానేయాల, రెండూ కలిస్తే పొడి పని చేయదు అంటుంది. చివర్లో ముసలాయన మెట్లెక్కి పోతాడు. ఆడమనిషి నవ్వుతుంది.

నేను ఆ సాయంత్రం వాళ్లింట్లోనే ఉన్నాను. నా ఫోనులో సంగు మోగగానే మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రిమోటు కోసం కాదు. తువ్వాలు భుజాన వేసుకొని వాకిలి వైపు చూశాడు. తర్వాత సిగ్గుపడి కూర్చున్నాడు. ఆయన సౌండు తీయకుండా చివరిదాకా విన్న ప్రకటన అదొక్కటే.

"అది మన సంగు కూడా కాదు పాపా," అన్నాడు తర్వాత. "మనదానికి ఆఖర్న గొంతు దిగుతాది. ఇది యాడిదో మిల్లుది. తెలిసీ లేచినాను చూడు."

వీడియోను మళ్లీ పెట్టించుకొని ఈసారి సౌండు లేకుండా చూశాడు. పక్కకు తిరిగి, చెయ్యి లీవరు మీద పెట్టి. అత్త వంటింట్లో ఉంది. ఆయన గొంతు తగ్గించాడు.

"దగ్గేవాని మొగం ఒక్కసారి గూడా చూపీలేదు, చూసినావా? వీపే. మొగం ఎవురిది చూపించినాడు? తలుపు కాడ నిలబడి వింటాండే ఆమెది. ఇది దగ్గేవాళ్లకు కాదమ్మా. దగ్గు వినేవాళ్లకు."

నా పుస్తకంలో ఆ పాఠం లేదు. ఆ సంగతి ఆయనకు చెబితే మీసం దువ్వుకున్నాడు. పొగరు ఉన్న మనిషే.

కానీ వంటింట్లోని మనిషి అప్పటికే ఆ వీడియోను తన ఫోనులో ఎన్నోసార్లు చూసి ఉంది. పొడి డబ్బా వచ్చేసింది కూడా. పొద్దున రాగి గంజిలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన పఫ్ కనపడకుండా పోయింది. అడిగితే, యాడ పెట్టుకున్నారో మీరే చూసుకోండి అంది. బియ్యం డబ్బాలో అడుగున దాచింది.

ఇవన్నీ మామ నాకు ఒక పొద్దున మా వాకిట్లో నిలబడి చెప్పాడు. నేను రైలుకు బయలుదేరుతున్నాను. దాచినదాన్ని తీస్తే ఆమెకు తెలిసిపోతుందని పెద్దాసుపత్రికి పోయి ఇంకో పఫ్ తెచ్చుకున్నాడు. అది మా ఇంట్లో ఉంచుకోవచ్చా అని అడిగాడు. గంజి మొదటి గుక్కలోనే తెలిసిపోయిందట. ఊళ్లో ప్రతి ప్రకటననూ అడ్డం పట్టి నిలదీసిన మనిషి, భార్య గ్లాసు అందిస్తే ఏమీ అడగకుండా తాగేశాడు.

ఆమెకు చెప్పేయొచ్చు కదా అన్నాను.

"ఆమె నిద్రపోతాండాది పాపా," అన్నాడు. "ఇన్నేండ్లుగా నా దగ్గుకు కావలి కాసింది. పొడి ఇచ్చినప్పటి నుంచి పడుకుంటే లేస్తాలేదు. ఆ పొడి నాకు పని చేయలేదు గానీ ఆమెకు చేసింది. కొన్నాళ్లు పడుకోనీ."

అప్పటి నుంచి ఆయన పొద్దునా సాయంత్రం పేపరు ఇచ్చే వంకతో మా ఇంటికి వచ్చి పఫ్ పీల్చుకొని, నోరు పుక్కిలించి, మీసాలు తుడుచుకొని పోయేవాడు. వాళ్లింటికి పోయి గంజి తాగేవాడు. ఛాతీ తేలికపడేది. అత్త అది చూసి పొడి పని చేస్తోందని మురిసిపోయేది. గోడ అవతల గాజులు చప్పుడు చేయని కాలం అదొక్కటే.

ఇక్కడే మా ఇద్దరి తెలివీ ఓడిపోయింది. అన్నిటికంటే లోపలికి దిగేది సాక్షి అని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, పుస్తకానికి తెలుసు. ఆయనే సాక్షి అయిపోతున్నాడని ఎవరికీ తట్టలేదు. అత్త కొళాయి దగ్గర నీళ్లు పట్టేటప్పుడు అందరికీ చెప్పింది. మా ఆయన్ని చూడండి, ఎట్ల తిరుగుతాండాడో చూడండి, అంత అనుమానం మనిషికే పని చేసింది అంది. అంతకంటే గట్టి ప్రకటన ఏ కంపెనీ తీయగలదు? వినే ఆడవాళ్లందరి ఇళ్లల్లోనూ దగ్గు ఉంది. ఎదురింటామె తన భర్త పఫ్ మానిపించింది. ఆయనా మామా ఒకే షిఫ్టులో కిందికి దిగినవాళ్లు. కొన్నాళ్లకు ఆయన పెదవులు నల్లబడి మాట రాకపోతే ఆటోలో వేసుకొని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. మామ ఆటో వెనకే రోడ్డు దాకా నడిచి, ఇంక నడవలేక కల్వర్టు మీద కూర్చుండిపోయాడు.

ఎదురింటాయన బతికి వచ్చాడు. మామ చూడడానికి పోతే ఆయన మంచంలోంచే, నిన్ను చూసి మానేసినాన్రా అన్నాడట. తిట్టినట్టు కాదు, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు.

అదే వారం ఆ కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. కొళాయి దగ్గరి మాట వాళ్లదాకా ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ అనుమానమే. జీన్స్ ప్యాంటు, చేతిలో కర్రకు బిగించిన ఫోను. అందర్నీ అంకుల్ అంటాడు, ఆంటీ అంటాడు, నవ్వు మొహం. మామ బాగుపడిన సంగతి ఆయన నోటితో చెబితే వీడియో తీసుకుంటాడట. అత్త పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. మామకు ఇస్త్రీ చొక్కా వేసింది. లైను అంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. ఎదురింటామె కూడా వచ్చింది, గుమ్మంలోంచి కిందికి దిగలేదు. ఆదివారం కాబట్టి నేనూ ఉన్నాను.

బయటికి రాకముందు మామ మా ఇంట్లోకి వచ్చి పఫ్ తీసుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు.

కుర్చీ వేశారు. కుర్రాడు ఆయన్ని కెమెరాకు ఎదురుగా కూర్చోమన్నాడు. మామ పక్కవాటుగా కూర్చోబోయి, ఆగి, ఎదురుగానే కూర్చున్నాడు. నిండుగా ఒకసారి ఊపిరి పీల్చి నవ్వండి అంకుల్ అన్నాడు కుర్రాడు.

"కెమెరా తిరుగుతాండాదా అప్పా?" అని అడిగి, మామ జేబులోంచి పఫ్ తీశాడు. నోట్లో పెట్టుకొని నొక్కి పీల్చాడు. ఊపిరి బిగబట్టాడు. పఫ్ ఉన్న చెయ్యి మెల్లగా కిందికి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకోసారి గాలి నిండుగా పీల్చాడు, ఛాతీ లేచింది, అప్పుడు కుర్రాణ్ణి చూసి నవ్వాడు.

"ఇదీ నా ఊపిరి. మీ పొడి కాదు. గంజి మాయావిడ ప్రేమతో ఇచ్చింది, తాగినాను. దాంట్లో పొడి కలిపి ఇచ్చింది, అదీ తాగినాను. తిరిగేది మాత్రం దీంతో. నన్ను చూసి ఎవురూ ఆసుపత్రి మందు మానొద్దండి. ఇంగ గంట తిరిగి కొట్టు చూద్దాం. నేనేమి చెప్పినాను?"

కుర్రాడు తిరిగి చెప్పలేదు. సూపర్ అంకుల్, చాలా బాగా వచ్చింది అని నవ్వుతూ ఫోను మడిచి బండి ఎక్కాడు.

అత్త ఇంట్లోకి పోయింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వచ్చింది. లోపలి నుంచి పాత పఫ్ తెచ్చి టీవీ మీద పెట్టి, పట్టుచీర విప్పడానికి గదిలోకి వెళ్లిపోయింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. గంజి మాత్రం ఇచ్చేది, ఉత్త గంజి. గోడ అవతల గాజులు మళ్లీ మొదలయ్యాయి. ఒక పొద్దున మామ పేపరు పట్టుకొని మా గుమ్మం ఎక్కుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"యాడికి? ఇంగ నా ముందరే పీల్చుకోండి."

ఆయన మా ఇంటికి అట్లా రావడం అదే ఆఖరు. ఆయన మనసులో ఒక అనుమానం మాత్రం పోలేదు. వాడు ఎందుకు నవ్వినాడు పాపా అని నన్ను అడుగుతూ ఉండేవాడు. నేను వాణ్ణి తిట్టినాను గదా, తిట్టు గూడా వానికి పనికొచ్చినట్టుండాదే అనేవాడు. నేను నా పుస్తకమంతా తిరగేసి, ఏమీ లేదు మామా, పనివాడు గదా, మర్యాదకు నవ్వింటాడు అని చెప్పేదాన్ని. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. నచ్చకుండానే వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అత్త చేతిని పట్టుకొని పోయాడు.

ఇప్పుడు రైల్లో జవాబు దొరికింది. ఆ అమ్మాయి ఫోనులో మామ నిండుగా ఊపిరి పీల్చి నవ్వుతున్నాడు. దాని ముందుదీ లేదు, దాని వెనకదీ లేదు. ఊపిరి, నవ్వు, పొడి డబ్బా.

నేను ఆ అమ్మాయితో అన్నాను, ఈయన మా పక్కింటి మామ, ఈ పొడితో బాగుపడలేదు, దీనికి ముందు కొంత కోసేశారు అని. ఆమెది బూదికోట పక్క పల్లె, రోజూ బస్సులో బంగారుపేట వచ్చి ఈ రైలు పట్టుకుంటుంది. తండ్రి గనుల్లో చేసి ఊరికి తిరిగిపోయిన మనిషి. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరు ఏ కంపెనీ అక్కా? మీరూ పొడి అమ్ముతారా?"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. మామ ఉంటే ఆ పిల్లను మెచ్చుకునేవాడు. అనుమానం ఉంది, పెట్టాల్సిన చోట పెట్టలేదు, అంతే.

సాయంత్రం వచ్చి అత్తకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఫోను తీసి నా ముందు పెట్టింది. ఆమెకు ఎవరో ఎప్పుడో పంపించారు. ఆయన ఊపిరి పీల్చే దగ్గర ఆపి, మళ్లీ కదిలించి, మళ్లీ ఆపి రోజూ చూసుకుంటుందట. సౌండు లేదు.

"సౌండెందుకు? వాండ్లు చెప్పేది నాకు తెలుసు. నేను ఈయన్ని చూస్తాండాను." బొమ్మ అంచు మీద వేలు పెట్టింది. "ఈడ చూడు. చెయ్యి కిందికి దిగుతాండాది. ఆ చేతిలో ఉండేదాన్ని కోసేసినారు. చెయ్యిని కోయలేకపోయినారు."

నిజమే. ఒక్క క్షణం, బొమ్మ కింది అంచులో ముంజేయి దిగుతోంది. దాన్ని నేను రైల్లో చూడలేదు. నేను విన్నాను గానీ చూడలేదు.

"ఆ పిల్ల రేపు గూడా అదే రైలుకు వస్తాదా?" అని అడిగింది అత్త.

మర్నాడు పొద్దున అత్త నాతో పాటు రైలెక్కింది. వక్కాకు సంచి చేతిలో, ఇంకేమీ లేదు. బంగారుపేటలో ఆ అమ్మాయి ఎక్కి, నన్ను చూసి వేరే సీటు వెతుక్కోబోయింది. అత్తే లేచి పోయి ఆమె పక్కన కూర్చుంది. నేను ఆయన పెండ్లాన్నమ్మా అంది. ఫోను ఇమ్మంటే ఆ అమ్మాయి ఇచ్చింది. అత్త సౌండు తీసేయించి, ఆ ముంజేయి దగ్గర బొమ్మను ఆపించి, సంచిలోంచి పఫ్ తీసి ఫోను అంచుకు ఆనించి పట్టుకుంది. చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడ.

"ఇది ఈడ ఉండాల్సింది."

ఆ అమ్మాయి ఫోనునూ పఫ్‌నూ మార్చి మార్చి చూసింది.

"మీ నాయనకు గంజిలో కలుపుతాండావా?"

ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

"నేనూ గంజిలోనే," అంది అత్త. "ఆయన పఫ్ ఏమి చేసినావు?"

"రాగుల డబ్బాలో ఉండాది." గొంతు రైలు చప్పుడులో సగం పోయింది. "మా నాయనకు తెలీదు."

అత్త ఒక క్షణం నన్ను చూసింది. ఆయనకు తెలిసే ఉంటుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట మాత్రం అనలేదు. సాయంత్రం ఇంటికి పోగానే డబ్బాలోంచి తీసి ఆయన చేతికి ఇయ్యి, పొడి పారెయ్యి, రేపు పెద్దాసుపత్రికి పిలుచుకొని రా, నేనే వచ్చి డాక్టరు కాడికి తీసకపోతాను అని చెప్పింది. రైలు టేకల్‌లో ఆగి ఉంది. సిగ్నల్ ఇంకా పడలేదు.

"ఇంగ నేను ఏమి చెప్పినానో తిరిగి చెప్పు," అంది అత్త.

ఆ అమ్మాయి మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, అంతా తిరిగి చెప్పింది. అత్త చివరిదాకా విని తల ఊపింది. రైలు కదిలింది.